కొత్త మిర్రర్‌లెస్ కొనాలా, వాడిన డీ500 కొనాలా? (ఇండోర్ బ్యాడ్మింటన్ కోసం)

కోర్టుపక్కన
ఆదివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదువుకుని వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదలు.

మా పాప రెండేళ్లుగా బ్యాడ్మింటన్ ఆడుతోంది. ఇప్పటిదాకా ఫోన్‌తోనే లాక్కొచ్చాను. ఎంత జూమ్ చేసినా పాప ముఖం ఉండాల్సిన చోట ఒక మరక, రాకెట్ ఉండాల్సిన చోట గాలి. ఇక కెమెరా కొనక తప్పదని తేలింది. చేతిలో ఉన్న డబ్బుకి రెండు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, నికాన్ జెడ్50 రెండో వెర్షన్ కొత్తది. లోపల అద్దం లేని రకం, అదే మిర్రర్‌లెస్. దాంతో పాటు వచ్చే రెండు జూమ్‌లు, 16-50, 50-250 ఎంఎం (అంకె పెద్దదైతే దూరానివి దగ్గరగా వస్తాయి). సీలు తీయని పెట్టె, బిల్లు, వారంటీ.

రెండోది, ఎవరో వాడిన నికాన్ డీ500, అద్దం ఉన్న పాత రకం. బాడీ ఒక్కటే. ఇది తీసుకుంటే లెన్సు కోసం కొంత డబ్బు మిగులుతుంది.

మా ఆవిడది ఒకటే మాట: "ఎవరో వాడి వదిలించుకుంటున్నది మనం ఎందుకు తగిలించుకోవాలి?" నా దగ్గర జవాబు లేదు. స్కూటర్ అయితే స్టార్ట్ చేసి ఇంజన్ చప్పుడు వినొచ్చు. కెమెరాలో ఏం వినాలి?

గాలిపటం
ఆదివారం, రాత్రి 9:51

కొత్తదే తీసుకోండన్నా. 2016లో వచ్చిన కెమెరా ఇప్పుడెందుకు?

కొత్తదేమేలు
ఆదివారం, రాత్రి 10:15

నా పేరు చూస్తేనే నా జవాబు తెలిసిపోతుంది, అయినా కారణం చెప్తాను.

నాలుగేళ్ల క్రితం ఒక మాక్రో లెన్సు వాడినది కొన్నాను. ఫోటోల్లో అద్దంలా మెరిసిపోతోంది. కొరియర్‌లో వచ్చింది. పువ్వుల మీద రెండు వారాలు తీశాను, బ్రహ్మాండంగా ఉంది. పువ్వు మధ్యలో ఉంటుంది కదా, అంచులు ఎలాగూ మసకే. ఒకరోజు పాత ఉత్తరం ఒకటి కాపీ చేద్దామని తీస్తే కుడివైపు అక్షరాలు సూదిలా ఉన్నాయి, ఎడమవైపు అక్షరాలు నీళ్లలో తడిసినట్టు ఉన్నాయి. లోపల ఒక గాజు పక్కకి జరిగిపోయింది. ఎప్పుడో కింద పడి ఉంటుంది. అమ్మినతనికి ఫోన్ చేస్తే మొదట "నా దగ్గర బాగానే ఉంది" అన్నాడు, తర్వాత ఎత్తడం మానేశాడు.

కొత్తది కొంటే లోపాలు ఉండవని కాదు. కొత్తవాటిలోనూ వస్తాయి. కానీ అప్పుడు పట్టుకెళ్లి కౌంటర్ మీద పెట్టి "ఇది చూడండి" అనొచ్చు. నేను ఎక్కువ డబ్బు కట్టేది ఆ కౌంటర్ కోసమే. పైగా కొత్త మిర్రర్‌లెస్ మనిషి కన్నుని తనే వెతికి పట్టుకుంటుంది. డీ500లో మీరు ఫోకస్ పాయింట్ పెట్టుకుని వెంటాడాలి.

లెక్కలపిచ్చి
ఆదివారం, రాత్రి 10:48

కొత్త పాత గొడవ తర్వాత. ముందు హాల్లో వెలుతురు సంగతి చూద్దాం.

రాకెట్ చెయ్యి ఆగినట్టు రావాలంటే షట్టర్ సెకనులో 1000వ వంతు మాత్రమే తెరుచుకోవాలి. మీ హాల్లో ఆ వేగానికి ఎఫ్/2.8 (లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, చిన్నదైతే వెలుతురు ఎక్కువ) దగ్గర ఐఎస్ఓ (వెలుతురుని ఎంత పెంచి చూపాలో ఆ అంకె, పెరిగే కొద్దీ ఫోటో గరుకవుతుంది) 3200 పడుతోంది అనుకోండి. అదే వెలుతురులో 50-250 జూమ్‌ని చివరిదాకా లాగితే ఎఫ్/6.3 దాటి తెరుచుకోదు. 6.3ని 2.8తో భాగించి వర్గం చేయండి, 5 వస్తుంది. అంటే ఐఎస్ఓ 16000. అదే ఎఫ్/1.8 లెన్సు అయితే 1300 చాలు. ఒకే హాలు, ఒకే దీపాలు, 12 రెట్ల తేడా.

బాడీ కొత్తదైనా పాతదైనా ఈ 12 రెట్లని అది పూడ్చలేదు. పైగా ఈ రెండు బాడీలూ 20.9 మెగాపిక్సెళ్లవే, సెన్సార్ సైజూ ఒకటే. డబ్బు లెన్సు మీద పెట్టండి.

కొత్తదేమేలు
ఆదివారం, రాత్రి 10:56

> చివరిదాకా లాగితే ఎఫ్/6.3

250 దగ్గర కదా అది. బ్యాడ్మింటన్‌కి 250 ఎవరు వాడతారు?

లెక్కలపిచ్చి
ఆదివారం, రాత్రి 11:04

నిజమే, ఒప్పుకుంటున్నా. 85 దగ్గర కాస్త ఎక్కువే తెరుచుకుంటుంది. ఎఫ్/5 అనుకున్నా 1.8తో పోలిస్తే 7 రెట్ల పైమాటే. నా వాదన సన్నబడింది గానీ పడిపోలేదు.

రిపేరుబెంచీ
సోమవారం, ఉదయం 6:20

కోర్టుపక్కన గారూ, ఒక ప్రశ్న. మీ ఇంట్లో గానీ, చుట్టాల దగ్గర గానీ పాత నికాన్ లెన్సు ఏదైనా ఉందా? డీ500కి లెన్సు తగిలించే చోటు, అంటే నికాన్ ఎఫ్ మౌంట్, 1959 నుంచి ఉంది. చాలా ఇళ్లలో అల్మరాలో ఏదో ఒకటి పడి ఉంటుంది. కొనే ముందు అది తేల్చుకోండి.

కోర్టుపక్కన
సోమవారం, ఉదయం 8:05

మీరు అడిగాక గుర్తొచ్చింది. మా మామయ్య ఫిల్మ్ రోజుల్లో ఫోటోలు తీసేవారు. ఇప్పుడే ఫోన్ చేస్తే "85 ఒకటి ఉండాలిరా, పట్టుకెళ్లు" అన్నారు. దాని మీద ఏఎఫ్ నిక్కోర్ 85 ఎంఎం 1:1.8 డి అని ఉందట. ఇది కొత్త మిర్రర్‌లెస్‌కి అడాప్టర్‌తో పడుతుంది కదా?

రిపేరుబెంచీ
సోమవారం, ఉదయం 8:31

పడుతుంది. ఆటో ఫోకస్ మాత్రం చేయదు.

ఆ లెన్సులో సొంత మోటార్ లేదు. పాత పద్ధతి. బాడీలో ఉన్న మోటార్ ఒక చిన్న కడ్డీతో లెన్సుని తిప్పుతుంది. నికాన్ వాళ్ల ఎఫ్‌టీజెడ్ అడాప్టర్లో, దాని రెండో వెర్షన్‌లో కూడా, ఆ మోటార్ లేదు. ఎంట్రీ లెవెల్ డీ3000, డీ5000 సిరీస్ బాడీల్లోనూ లేదు. డీ500లో ఉంది. డీ7500, డీ750, డీ850లోనూ ఉంది.

మీ కుటుంబ ఆస్తి ఏ బాడీకి పనికొస్తుందో చూశారు కదా.

గాలిపటం
సోమవారం, ఉదయం 8:40

కథ మలుపు తిరిగింది 😀

లెక్కలపిచ్చి
సోమవారం, ఉదయం 9:12

85 సరిపోతుందా అని ఎవరైనా అడిగే లోపే చెప్తా. ఈ సెన్సార్ పొడవు 23.5 మిల్లీమీటర్లు, ఎత్తు 15.7. కోర్టు పొడవు 13.4 మీటర్లు. మీరు ఒక కొస వెనక కూర్చుంటే అవతలి ఆటగాళ్లు సుమారు 13 మీటర్ల దూరంలో ఉంటారు. కెమెరా అడ్డంగా పట్టుకుంటే ఫ్రేములో 3.6 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు వస్తాయి. పాప ఎగిరి స్మాష్ కొట్టినా చెయ్యి తెగదు. పక్కన కూర్చుని 8 మీటర్ల నుంచి తీస్తే నిలువుగా పట్టాలి, అప్పుడు ఎత్తు 2.2 మీటర్లు. ఎగిరితే రాకెట్ ఫ్రేము దాటుతుంది. కాబట్టి కొస వెనక్కి వెళ్లండి, అవతలి వైపు పాప ఉన్న గేమే తీయండి.

పసుపుకటకం
సోమవారం, మధ్యాహ్నం 1:30

పాత లెన్సు అనగానే నా ప్రాణం లేచొచ్చింది. నా దగ్గరున్న వాటిలో నాకు ఇష్టమైనది సూపర్ టాకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4. అందులో ఒక గాజుకి థోరియం కలిపారు. ఏళ్లు గడిచే కొద్దీ ఆ గాజు టీ డికాక్షన్ రంగుకి తిరుగుతుంది. అల్ట్రావయొలెట్ దీపం కింద కొన్ని రోజులు పెడితే మళ్లీ తేటపడుతుంది. నా పేరు అక్కడిదే. పాత లెన్సు అంటే లోపం కాదు, స్వభావం. కొత్త లెన్సులన్నీ ఒకే బడిలో చదివిన పిల్లల్లా...

మోడరేటర్
సోమవారం, మధ్యాహ్నం 1:52

పసుపుకటకం గారూ, పాత లెన్సుల చర్చకి దారం (థ్రెడ్) వేరే ఉంది, అక్కడ మీ కోసం అందరూ ఎదురుచూస్తున్నారు. ఇక్కడ పాప బ్యాడ్మింటన్.

నిశిరాత్రి
సోమవారం, రాత్రి 8:10

నేను ఫంక్షన్లు, స్టేజి ప్రోగ్రాములు తీస్తాను, ఇదే నా బతుకుతెరువు. పన్నెండేళ్లలో బాడీల్లో ఎవరో వాడినది నేను కొన్నది ఒక్కసారి, లెన్సుల్లో కొత్తది కొన్నది రెండుసార్లు.

ఎందుకంటే లెన్సు చెడితే చెప్పి చెడుతుంది. ఫోకస్ రింగ్ బిగుసుకుంటుంది, జూమ్ వదులవుతుంది, లోపల మసక పడుతుంది. నెలలు పడుతుంది. బాడీ అలా కాదు. అలా వాడినది కొన్న ఆ ఒక్క బాడీ షట్టర్, స్టేజి మీద దీపాలు ఆరి కళాకారిణి తల ఎత్తిన క్షణంలో పోయింది. "టక్" మని ఒక చప్పుడు, తర్వాత స్క్రీన్ మీద ఎర్రర్. సంచిలో రెండో బాడీ ఉంది కాబట్టి సరిపోయింది.

అయితే కోర్టుపక్కన గారూ, మీ సంగతి వేరు. మీ షట్టర్ పోతే ఒక ఆదివారం ఫోటోలు పోతాయి, అంతే. నా పద్ధతిని మీరు అరువు తెచ్చుకోకండి.

ఇంకోటి. అందరూ షట్టర్ కౌంట్ షట్టర్ కౌంట్ (షట్టర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు పడిందో ఆ లెక్క) అని జపం చేస్తారు. డీ500 షట్టర్‌ని నికాన్ 2 లక్షల క్లిక్కులకి పరీక్షించింది. అది గ్యారంటీ కాదు, గీత కాదు. అంతకు ముందే పోయినవీ ఉంటాయి, దాటి నడిచేవీ ఉంటాయి. నేను అడిగేది కౌంట్ కంటే "దేనికి వాడారు" అని. వీడియో గంటలు షట్టర్ కౌంట్‌లో పడవు. రోజుకు ఆరు గంటలు వీడియో తీసిన మిర్రర్‌లెస్ కూడా కౌంట్‌లో పసిపాపలా కనిపిస్తుంది. పైమెరుపు అసలు నమ్మకండి. నా బాడీలకి మొదటి రోజే తొడుగు వేస్తాను. అమ్మేటప్పుడు తీస్తే షోరూమ్ ముక్కలా ఉంటుంది. లోపల దాని కష్టం నాకే తెలుసు.

కొత్తదేమేలు
సోమవారం, రాత్రి 8:34

చూశారా, అమ్మేవాళ్లే చెప్తున్నారు 😀

నిశిరాత్రి
సోమవారం, రాత్రి 8:41

నేను కౌంటూ చెప్తాను, కష్టమూ చెప్తాను తమ్ముడూ. అందుకే నావి ఆలస్యంగా అమ్ముడుపోతాయి.

కోర్టుపక్కన
బుధవారం, రాత్రి 10:20

మామయ్య లెన్సు తెచ్చుకున్నాను. తోలు సంచిలో ఉంది, సంచి వాసన గోతిలో పెట్టిన దుప్పటిలా ఉంది. లెన్సు పైకి శుభ్రంగానే ఉంది. ఫోన్ లైటు వేసి చూశాను. ముందు గాజు అంచున, ఒక గింజంత మేర, సాలెగూడులాంటి సన్నటి తెల్లటి పోగులు. ఒక్కో పోగు నుంచి మళ్లీ కొమ్మలు. ఫంగస్ అంటే ఇదేనా? టెన్షన్‌గా ఉంది. పారేయాలా?

గాలిపటం
బుధవారం, రాత్రి 10:26

అమ్మో, దాన్ని మిగతా వాటి దగ్గర పెట్టకండన్నా, అంటుకుంటుంది!

రిపేరుబెంచీ
గురువారం, ఉదయం 6:05

అదే ఫంగస్. పారేయక్కర్లేదు.

గింజంత ఉండి అంచుకే ఉంటే ఫోటోలో కనపడదు. గాజు మధ్యకి వస్తేనో, వెనక గాజు మీద ఉంటేనో బొమ్మ కాంట్రాస్ట్ తగ్గుతుంది, దీపాల చుట్టూ మంచు కమ్మినట్టు ఉంటుంది. ఇప్పుడే శుభ్రం చేయిస్తే పోతుంది. వదిలేస్తే అది వదిలే ఆమ్లం కోటింగ్‌ని తినేస్తుంది. ఆ తర్వాత ఫంగస్ తుడిచినా దాని ముద్ర గాజు మీద ఉండిపోతుంది.

అంటుకుంటుందా అన్నది. దాని బీజాలు గాలిలో అంతటా ఉన్నాయి. మీ కొత్త లెన్సు మీద కూడా ఇప్పటికే ఉన్నాయి. మొలవాలంటే తేమ కావాలి. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచితే మొలవదు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటర్ చాలు. తోలు సంచిని మాత్రం ఈరోజే వదిలించుకోండి. తోలు తేమ పీల్చి దాచుకుంటుంది. లెన్సుకి ఆ సంచే జబ్బు.

పసుపుకటకం
గురువారం, ఉదయం 7:44

బెంచీ గారితో ఒక్క చోట విభేదిస్తాను. బీజాలు అంతటా ఉంటాయన్నది నిజమే. కానీ మొలిచి ఉన్న లెన్సుని మంచివాటి పక్కన మూసిన డబ్బాలో పెట్టడం నాకు మనస్కరించదు. శుభ్రం అయ్యేదాకా వేరే ఉంచండి. దీనికి ఖర్చేమీ లేదు కదా.

రిపేరుబెంచీ
గురువారం, ఉదయం 7:50

ఉంచండి. తప్పు లేదు.

కొత్తదేమేలు
గురువారం, ఉదయం 9:15

ఇంట్లో లెన్సు ఉందని తెలిశాక నేను వాదించను, డీ500నే చూడండి. అయితే వాడినది అంటే ఎవరో తెలియనివాడి చేతి నుంచే కొనాలని లేదు. పాతవి పరీక్షించి, తిరిగి ఇచ్చేందుకు కొన్ని రోజుల గడువుతో అమ్మే డీలర్లు ఉంటారు. కంపెనీ తనే బాగుచేసి అమ్మే రీఫర్బిష్డ్ బాడీలూ ఉంటాయి. నేరుగా కొన్నదానికంటే ధర ఎక్కువే. నేను చెప్పిన కౌంటర్ అందులో సగం ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. "కొత్తది, సీలు ఉంది, చాలా తక్కువ" అని కనిపిస్తే అది గ్రే మార్కెట్ సరుకేమో అడగండి. వేరే దేశం కోసం తయారైనది పక్కదారిన వచ్చి ఉంటుంది. వస్తువు అసలుదే, వారంటీ కార్డు మాత్రం మీ దగ్గర ఉత్త కాగితం. కొత్త ధర కట్టి పాత వస్తువు భయం కొనుక్కోవడం అది.

కోర్టుపక్కన
శుక్రవారం, రాత్రి 9:30

ఒక డీ500 దొరికింది. కౌంట్ 21 వేలు అంటున్నారు, రుజువుగా ఒక ఫోటో ఫైల్ పంపారు. రేపు చూడటానికి వెళ్తున్నాను. ఏమేం చూడాలి?

రిపేరుబెంచీ
శుక్రవారం, రాత్రి 9:58

మీ 85, ఒక ఎస్‌డీ కార్డు, చిన్న టార్చ్, వీలైతే ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి. గంట టైం ఇస్తారా అని ముందే అడగండి. గంట ఇవ్వనివాడి దగ్గర కొనకండి.

కెమెరా చేతిలోకి రాగానే ఆన్ చేయకండి. లెన్సు తీసి మౌంట్ చుట్టూ స్క్రూలు చూడండి. తలల మీద గీతలుంటే ఎవరో విప్పారు. విప్పడం నేరం కాదు, చెప్పకపోవడం నేరం. బ్యాటరీ తలుపు తీసి లోపలి రాగి పళ్లు చూడండి, పచ్చగానో తెల్లగానో పొడి ఉంటే నీళ్లు వెళ్లాయి, అక్కడితో లేచి వచ్చేయండి. గ్రిప్ రబ్బరుని బొటనవేలితో పక్కకి నెట్టండి. ఉబ్బి జారుతుంటే చాలా వాడారు.

తర్వాత మీ లెన్సు పెట్టండి. ఎఫ్/16 పెట్టి, ఫోకస్ చెడగొట్టి, తెల్లగోడని తీయండి. తీస్తూ కెమెరాని కాస్త కదపండి, అప్పుడు గోడ మీది మచ్చలు కరిగిపోతాయి, సెన్సార్ మీదివి నిలబడతాయి. బూడిదరంగు చుక్కలు అయితే దుమ్ము, శుభ్రం చేస్తే పోతుంది. సన్నటి గీత కదలకుండా ఉంటే సెన్సార్ గీరుకుంది, అది పోదు. మూత పెట్టి కొన్ని సెకన్ల ఫోటో తీసి పెద్దది చేసి చూడండి, మెరిసే చుక్కలు ఎన్నో తెలుస్తాయి. నాలుగైదు ఉంటే పట్టించుకోకండి.

మెనూలో బ్యాటరీ ఇన్ఫో ఉంటుంది. వయసు 0 నుంచి 4 వరకు చూపిస్తుంది. 4 అంటే కొత్త బ్యాటరీ కొనుక్కోవాలి, ఆ మేరకు బేరం ఆడండి. కార్డు స్లాట్లు రెండు. ఒకటి ఎక్స్‌క్యూడీ, ఒకటి ఎస్‌డీ. ఎక్స్‌క్యూడీ కార్డు వాళ్ల దగ్గర ఉంటే పెట్టించి తీయండి. ప్రతి బటన్ నొక్కండి, ప్రతి చక్రం తిప్పండి. పది ఫ్రేములు వరసగా కొట్టి చప్పుడు వినండి. సమంగా ఉండాలి. మొదటి రోజు మీరు అడిగారు కదా, వినాల్సింది ఇదే.

లెక్కలపిచ్చి
శుక్రవారం, రాత్రి 10:11

కౌంట్ వాళ్లు పంపిన ఫైల్‌లో కాదు, మీ ముందు తీసిన ఫోటోలో చూడండి. నికాన్ ఆ అంకెని ఫైల్ లోపలి ఎగ్జిఫ్‌లో రాస్తుంది. ఎడిట్ చేయని ఒరిజినల్ ఫైల్ కావాలి. అందులోనే బాడీ సీరియల్ నంబరూ ఉంటుంది. కెమెరా అడుగున ఉన్న నంబరుతో, బిల్లు మీది నంబరుతో కలపండి.

నిశిరాత్రి
శుక్రవారం, రాత్రి 10:30

మెమరీ కార్డు, బ్యాటరీ వాళ్లు ఫ్రీగా ఇస్తామన్నా మురిసిపోకండి. ఆ రెండూ నేను ఎప్పుడూ కొత్తవే కొంటాను, కొన్నాక కార్డు మొత్తం నింపి మళ్లీ చదివించి చూస్తాను. నకిలీ కార్డులు పైన 128 అని రాసుకుని లోపల చాలా తక్కువ మోస్తాయి. పాత ఫ్లాష్ ఇస్తామంటే అస్సలు పెట్టకండి. ఫిల్మ్ రోజుల ఫ్లాష్‌లు కొన్నిటిలో ట్రిగర్ వోల్టేజ్ (ఫ్లాష్ వెలిగేటప్పుడు కెమెరా మీద పడే వోల్టేజ్) 200 దాటుతుంది, కెమెరాకి దెబ్బ తగలొచ్చు. ఆటల్లో ఫ్లాష్ ఎలాగూ కొట్టకూడదు, పిల్లల కళ్లలో పడుతుంది.

కోర్టుపక్కన
శనివారం, సాయంత్రం 6:45

కొనలేదు.

మనిషి మర్యాదగానే ఉన్నారు. కెమెరా మెరిసిపోతోంది. స్క్రూలు బాగున్నాయి, గోడ ఫోటో బాగుంది. ల్యాప్‌టాప్‌లో నేను తీసిన ఫోటో తెరిచాను. కౌంట్ 1 లక్షా 64 వేలు. ఆయన పంపిన ఫైల్‌లోని సీరియల్ నంబరు వేరు. "ఓ, అది మా ఫ్రెండ్ కెమెరాది పంపినట్టున్నాను" అన్నారు. అలవాటుగా వచ్చిన మాటలా అనిపించింది. "1 లక్షా 64 వేలకి తగ్గ ధర చెప్పండి" అని అడుగుదామా అనుకున్నాను. నోరు రాలేదు. థాంక్స్ చెప్పి వచ్చేశాను.

మా ఆవిడ మాత్రం "నేను చెప్పానా" అనలేదు. "ఇంకోటి చూడు" అంది. అది ఆశ్చర్యం.

రిపేరుబెంచీ
శనివారం, రాత్రి 7:10

మంచి పని చేశారు. 1 లక్షా 64 వేలు తప్పు కాదు. 21 వేలు అనడం తప్పు.

పసుపుకటకం
శనివారం, రాత్రి 7:32

దారి తప్పిస్తున్నానని మోడరేటర్ గారు అనుకోకపోతే ఒక మాట. వాడిన మోడల్ కొనేముందు ఆ మోడల్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బులేమైనా ఉన్నాయేమో వెతకండి. నికాన్‌లోనే డీ600 ఉంది కదా, 2012లో వచ్చింది. సెన్సార్ మీద నూనె, దుమ్ము చుక్కలు పడతాయని గోల. 2014లో కంపెనీయే ఉచితంగా షట్టర్ మార్చి ఇస్తామంది. అలాంటివి వాడినవి కొనేటప్పుడు "షట్టర్ మార్పించారా" అన్నది మొదటి ప్రశ్న.

మోడరేటర్
శనివారం, రాత్రి 7:40

ఇది దారిలోనే ఉంది. కొనసాగించండి.

కోర్టుపక్కన
తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 12:15

అర్జెంట్. ఇంకో డీ500 చూస్తున్నాను, అమ్మే ఆయన ఎదురుగానే ఉన్నారు. పక్షుల ఫోటోలు తీస్తారట, మోకాళ్ల నొప్పుల వల్ల మానేశారట. కౌంట్ 58 వేలు, నా ముందే చూశాను, సీరియల్ కలిసింది, బిల్లు ఉంది. కానీ మామయ్య లెన్సు పెట్టగానే పైన చిన్న స్క్రీన్ మీద ఎఫ్‌ఈఈ అని మెరుస్తోంది. షట్టర్ పడట్లేదు. ఆయన కూడా కంగారు పడుతున్నారు. పాడా?

రిపేరుబెంచీ
తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 12:19

పాడు కాదు. లెన్సు మీద అపర్చర్ రింగ్ ఉంది చూడండి. దాన్ని నారింజ రంగు 16 దగ్గరికి పూర్తిగా తిప్పి, పక్కనున్న చిన్న లాక్ నొక్కండి.

కోర్టుపక్కన
తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 12:22

పోయింది! పడుతోంది!! ఫోకస్ చేస్తుంటే లోపల గిర్రుమని చప్పుడు, చిన్న కుట్టుమిషన్‌లా. ఇది మామూలేనా?

రిపేరుబెంచీ
తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 12:23

బాడీ మోటార్ మీ లెన్సుని తిప్పుతోంది. మామూలే.

లెక్కలపిచ్చి
తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 12:31

లేచే ముందు ఒకటి. పేపర్ ఒకదాన్ని ఏటవాలుగా పెట్టి, ఎఫ్/1.8లో ఒక అక్షరం మీద ఫోకస్ చేసి తీయండి. పదునైన గీత ఆ అక్షరానికి ముందో వెనకో పడితే భయపడకండి, డీ500 మెనూలోని ఏఎఫ్ ఫైన్ ట్యూన్‌తో సరిచేయొచ్చు. అద్దం ఉన్న కెమెరాల్లో ఇది ఉండేదే.

కోర్టుపక్కన
తర్వాతి ఆదివారం, రాత్రి 9:05

తీసుకున్నాను. బ్యాటరీ వయసు 3 చూపించింది, ఆ మాట చెప్పగానే ఆయనే కొంత తగ్గించారు. పాయింట్ ఒక వేలు మందం వెనక పడుతోంది, ఫైన్ ట్యూన్ చేసుకుంటాను. మామయ్య లెన్సు రేపు శుభ్రానికి ఇస్తున్నాను. మిగిలిన డబ్బు కదపలేదు. పాప ఇంకో ఏడాది ఆడితే 70-200 ఎఫ్/2.8 వాడినది చూస్తాను. ఆపేస్తే డబ్బు డబ్బుగానే ఉంటుంది.

వెళ్లొచ్చేటప్పుడు ఆయన గేటు దాకా వచ్చి, "పిట్టల కంటే పిల్లలు నయం, ఎగిరిపోరు" అన్నారు. ఇంటికొచ్చి కార్డు తెరిస్తే ఆయన మర్చిపోయిన ఫోటో ఒకటి ఉంది. నీళ్ల మీద వాలబోతున్న కొంగ. తిరిగి పంపించాను.

నిశిరాత్రి
తర్వాతి ఆదివారం, రాత్రి 9:21

శుభం. హాల్లో మొదటిసారి తీసేటప్పుడు మెనూలో ఫ్లికర్ రిడక్షన్ ఆన్ చేయండి. దీపాలు సెకనుకు 100 సార్లో 120 సార్లో మిణుకుతాయి, మన కంటికి తెలియదు. 1000వ వంతులో తీస్తే ఒక ఫ్రేము వెలుగు, ఒక ఫ్రేము చీకటి, ఒకటి పసుపు వస్తాయి. చూసి కెమెరా పాడైందనుకుని ఇక్కడ ఇంకో దారం మొదలుపెడతారు.

గాలిపటం
తర్వాతి ఆదివారం, రాత్రి 9:30

మరి జెడ్50 కిట్ నేను తీసుకోవచ్చా అన్నా? నాకు మామయ్య లేడు.

కొత్తదేమేలు
తర్వాతి ఆదివారం, రాత్రి 9:33

నువ్వు తీసుకో తమ్ముడూ. నీకోసమే అది.

కోర్టుపక్కన
బుధవారం, రాత్రి 8:50

మొదటి ప్రాక్టీస్ తీసి వచ్చాను. ఒక మిత్రుడి దగ్గర అరువు తెచ్చిన 50 ఎంఎంతో, 85 ఇంకా బెంచీ మీదే ఉంది. మూడొందల ఫ్రేములు కొడితే పదకొండు బాగున్నాయి. ఒకదాంట్లో షటిల్ రాకెట్ తీగలకి ఆనుకుని సగం నలిగి ఉంది, పాప నాలుక బయటపెట్టి ఉంది. పాపకి చూపిస్తే "డిలీట్ చెయ్ నాన్నా" అంది. చేయలేదు.

ఒక సందేహం. వ్యూఫైండర్ చుట్టూ ఉండాల్సిన రబ్బరు కప్పు నా దాంట్లో లేదు, కళ్లద్దాలు గీసుకుంటున్నాయి. అది విడిగా దొరుకుతుందా?

రిపేరుబెంచీ
బుధవారం, రాత్రి 9:02

దొరుకుతుంది. డీకే-17ఎఫ్ అని ఐపీస్ వస్తుంది దానికి, మీది ఉందో లేదో ముందు చూడండి. రబ్బరు కప్పు కొనేటప్పుడు కెమెరా వెంట తీసుకెళ్లి పెట్టి చూసి కొనండి.